పాల్కురికి సోమనాథుడు చూపిన శివుడు

శివుడు ఎట్టివాడని అడిగినచో పురాణములు చెప్పు జవాబు మనకు తెలిసినదే. త్రిపురములను కాల్చినవాడు, మన్మథుని భస్మము చేసినవాడు, దక్షుని యజ్ఞమును ధ్వంసము చేయించినవాడు. ఆయన కన్ను తెరచినచో దేవతలకే గుండె జారును. అట్టి దేవుని ఒక తెలుగు కవి తల్లి ఒడిలోని పసిబిడ్డగా, పేదవాని ఇంటి అంబలికి ఆశపడు అతిథిగా, ఒక చిన్నపిల్ల ఏడ్చినచో తాళలేని వానిగా మన ముందు నిలిపెను. ఆ కవి పాల్కురికి సోమనాథుడు. బసవపురాణకర్తగా ఆయన పేరు వినని వీరశైవ కుటుంబముండదు. అయితే పేరు తెలిసినంతగా ఆయన చరితము గాని, ఆయన కొలిచిన దేవుని స్వభావము గాని మన పిల్లలకు తెలియుట లేదు. ఆ రెంటిని కలిపి చెప్పవలెనను కోరికతో ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

సోమనాథుని ఊరు పాల్కురికి. దానినే ఇప్పుడు పాలకుర్తి అందుము. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై, 2016లో జిల్లాల విభజన జరిగినపుడు జనగామ జిల్లాలో చేరినది. ఊరి గుట్టపై సోమేశ్వరస్వామి వెలసియున్నాడు. కవి తన తల్లిదండ్రుల పేర్లు తానే చెప్పుకొనెను. తండ్రి విష్ణురామిదేవుడు, తల్లి శ్రియాదేవి. తన గోత్రము భృంగిరిటి గోత్రమనెను. భృంగిరిటి ఋషి కాడు, శివుని ప్రమథగణములలోనివాడు. ఇంతకు మించి కులమును గూర్చి ఆయన పలుకలేదు. ఆయన పుట్టుకచే బ్రాహ్మణుడా, జంగముడా యని పండితులు చాలకాలము వాదించుకొనిరి, నేటికిని వాదించుచున్నారు. నాకు తోచినంతవరకు ఆ వాదము కవి మనస్సునకు విరుద్ధమైనది. శివదీక్ష పొందినవానికి ముందటి పుట్టుక లెక్కలోనిది కాదని నమ్మినవాడు గనుకనే ఆయన ఋషిగోత్రమును విడిచి ప్రమథగోత్రమును చెప్పుకొనెను. ఆయన విడిచిపెట్టినదానిని మనము వెదకి తెచ్చి ఆయన మెడకు కట్టుట ఏమి న్యాయము?

కాలమును గూర్చియు భిన్నాభిప్రాయములు కలవు. ఓరుగల్లు నేలిన మొదటి ప్రతాపరుద్రుని కాలమువాడని కొందరు, రెండవ ప్రతాపరుద్రుని కాలమువాడని కొందరు చెప్పుదురు. మొదటి రాజు పాలన 1195తో ముగిసినది. రెండవ రాజు పాలన 1289 నుండి 1323 వరకు సాగినది. ఎట్లు చూచినను కాకతీయుల ఏలుబడిలోనివాడే. 1369లో భీమకవి బసవపురాణమును కన్నడమున షట్పదులలో వ్రాయునప్పటికే సోమనాథుని తెలుగు గ్రంథము కన్నడ దేశము వరకు పోయి ప్రసిద్ధమై యుండెను.

ఆయన చదువు సామాన్యమైనది కాదు. సంస్కృతమున సోమనాథభాష్యము వ్రాసెను. భస్మము, రుద్రాక్ష, లింగధారణము మొదలగువానికి వేదశాస్త్రముల నుండి ఆధారములు చూపిన గ్రంథమది. చతుర్వేదసారము, అనుభవసారము తెలుగు పద్యములలో వ్రాసెను. వృషాధిపశతకమున ప్రతి పద్యము చివర బసవేశ్వరుని పిలిచెను. మకుట నియమముతో తెలుగున వెలసిన శతకములలో అదియే మొదటిదని పలువురి మతము. ఆ శతకములోనే తమిళము, కన్నడము, మరాఠీ భాషలలోను పద్యములు కూర్చెను. కన్నడమున రగడలు చెప్పెను. ఈ జాబితా చెప్పుట ఆయన పాండిత్యమును పొగడుటకు కాదు. ఇన్ని నేర్చినవాడు తన ముఖ్యగ్రంథములు రెంటికి ద్విపదను ఎన్నుకొనెనని చెప్పుటకు.

ద్విపద యనగా రెండు పాదముల పద్యము. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. రోకలి పోటుకు, ఊయల ఊపుకు, ఏతము తొక్కుటకు కూడ సరిపోవు నడక. ఆ కాలమున పండితులకు చంపకమాల, ఉత్పలమాల, శార్దూలము కావలెను, నడుమ వచనము కావలెను. నన్నయ వేసిన బాట అది. సోమనాథుడు ఆ బాట తెలియక విడిచినవాడు కాడు. చదువురానివాడు విని పాడుకొనవలెనని విడిచినవాడు. ఆ కోరికతోనే తేట తెలుగైన జానుతెనుగును చేపట్టెను. యతి నియమమునకు బదులుగా ప్రాసయతిని ధారాళముగా వాడెను. ఈ స్వేచ్ఛ వలన తరువాత ఆయనకు కలిగిన తిప్పలు ముందు చెప్పెదను.

బసవేశ్వరుడు 12వ శతాబ్దిలో కళ్యాణమున బిజ్జలుని కొలువులో దండనాయకుడై, భక్తులకు తన ఇంటిని, ఒంటిని ఒప్పగించిన మహానుభావుడు. ఆయన లింగైక్యము చెందిన పిమ్మట ఆయన కథలు, ఆయన చుట్టునున్న శరణుల కథలు, అంతకు పూర్వపు తమిళనాటి భక్తుల కథలు జంగముల నోట, భక్తుల గోష్ఠులలో నలుదిక్కుల తిరుగుచుండెను. గొబ్బూరి సంగనామాత్యుని ప్రోత్సాహముతో సోమనాథుడు వానినన్నిటిని ఏడు ఆశ్వాసముల బసవపురాణముగా కూర్చెను. పేరు బసవపురాణమే గాని అందు బసవని కథ ఒక దారము. ఆ దారమునకు గుచ్చిన పూసలు చాకలి, కుమ్మరి, మాదిగ, వేటగాడు, వెలయాలు, ఇంటి ఇల్లాలు, పాలు మోయు పిల్ల. రాజులు తక్కువ. వచ్చిన రాజులును చాలవరకు తల వంచుటకే వత్తురు.

ఈ గ్రంథమున ముగ్ధభక్తుల కథలు ఒక గుంపుగా కలవు. ముగ్ధుడనగా మోసమెరుగని వాడు, ఉన్నది ఉన్నట్లు నమ్మువాడు. వెలయాలి ఇంట అడుగుపెట్టియు అది శివభక్తురాలి ఇల్లేయని తలచి, రాత్రి యంతయు శివపూజతో గడపి, ఆమెను కూడ భక్తురాలిని చేసిన ముగ్ధసంగయ్య వారిలో ఒకడు. ఈ కథలలోనే సోమనాథుని శివుడు మనకు పూర్తిగా కనబడును.

బెజ్జమహాదేవి అను భక్తురాలికి ఒకనాడు ఒక దిగులు పుట్టెను. లోకమున అందరికి తల్లి కలదు, శివునికి లేదు. తల్లి యుండియుండినచో ఆ తల జడలు కట్టనిచ్చునా? పాములతో ఆడనిచ్చునా? విషము త్రాగనిచ్చునా? ఒంటికి బూడిద పూసికొని, తోలు కట్టుకొని, వల్లకాటిలో తిరిగి, వీధుల వెంట బిచ్చమెత్తుచుండగా చూచి ఊరకుండునా? లోకము స్తోత్రముగా చదువు గుర్తులన్నియు ఆమె కంటికి తల్లి లేని బిడ్డ పడిన పాట్లుగా కనబడినవి. దిక్కులేని ఆ బిడ్డకు తానే తల్లి కాదలచెను. లింగమును పసిబిడ్డగా భావించి నూనె అంటి, నలుగు పెట్టి, కాళ్లపై పరుండబెట్టుకొని నీళ్లు పోసి, మూడు కన్నులకును కాటుక దిద్ది, ఉగ్గు పెట్టి, జోల పాడి పెంచెను. సోమనాథుడు ఈ స్నానమును వర్ణించిన తీరు చూచినచో ఆయన మన ఇండ్లలో ముసలమ్మలు పురిటిబిడ్డకు నీళ్లు పోయుట ఎంత శ్రద్ధగా చూచెనో తెలియును. ముక్కు సాగదీయుట, వీపు చరచుట కూడ మరువలేదు.

శివుడు ఆ సేవకు మురిసిపోయెను. ఆమె మనస్సు పరీక్షింపదలచి అంగిటిముల్లు వచ్చినట్లు నటించి పాలు ముట్టుట మానెను. బిడ్డ పాలు త్రాగనిచో తల్లి ఏమగునో బెజ్జమహాదేవి అదే అయ్యెను. తనకు మందు తెలియదు, వైద్యము తెలియదు, బిడ్డ ఎండిపోవుచున్నాడు. తల పగులగొట్టుకొని చత్తునని సిద్ధపడెను. అప్పుడు శివుడు ప్రత్యక్షమై ఆమెను ఆపెను. ఆనాటి నుండి ఆమె అమ్మవ్వయని పేరొందెను. శివుని తల్లికి అంతకన్న మరియొక పేరు ఎందుకు?

గొడగూచి కథ ఇంకను చిన్నది, ఇంకను బరువైనది. తండ్రి ప్రతిదినము గుడిలో శివునికి పాలు నివేదించువాడు. ఒకసారి పొరుగూరు పోవుచు ఆ పనిని కూతురికి అప్పగించెను. ఆ పిల్ల పాలు కాచి తీసికొనిపోయి స్వామి ముందుంచి త్రాగుమని వేడెను. లింగము పలుకలేదు. కాగిన పాలు వేడిగా నున్నవా, పొగ వాసన వచ్చినదా, తాను చేసిన తప్పేమని బ్రతిమాలెను. తండ్రి వచ్చినచో కొట్టునని ఏడ్చెను. త్రాగకున్నచో ప్రాణము విడుతునని మొండికెత్తెను. శివుడు పాలు త్రాగెను. మరునాడును త్రాగెను. తండ్రి తిరిగివచ్చి ప్రసాదముగా మిగులవలసిన పాలేవని అడుగగా స్వామి త్రాగినాడని పిల్ల నిజము చెప్పెను. తండ్రి నమ్మలేదు. గుడికి తీసికొనిపోయి తన ఎదుట త్రాగింపుమనెను. సందేహించు కంటి ముందు శివుడు కదలలేదు. తండ్రి కోపముతో పైకి రాగా గొడగూచి పరుగెత్తి లింగమును కౌగిలించుకొనెను. శివుడు ఆమెను తనలో చేర్చుకొనెను. తండ్రి పట్టుకొనబోగా అతని చేతికి ఆమె జుట్టు మాత్రమే చిక్కెను.

నేను బడిలో ఈ కథ చెప్పినపుడెల్ల ఏదో ఒక బిడ్డ అడుగును, ఆ తండ్రి కూడ రోజు పూజ చేసినవాడే గదా, ఆయన పాలు స్వామి ఎందుకు త్రాగలేదని. తండ్రి నివేదించెను, త్రాగునని అనుకొనలేదు. కూతురు త్రాగుననియే అనుకొనెను. సోమనాథుని శివుడు ఈ భేదమును మాత్రమే చూచును. మంత్రము సరిగా పలికితివా, ఆచమనము సరిగా చేసితివా అని అడుగడు.

రుద్రపశుపతి కథ ఒక్కటి చూచినచో సోమనాథుడు పాతకథను ఎట్లు తనదిగా చేసికొనెనో తేటపడును. తమిళమున పెరియపురాణములో ఈ భక్తుడు కంఠము వరకు నీట నిలిచి శ్రీరుద్రమును జపించి ముక్తి పొందినవాడు, వేదవేత్త. తెలుగున ఆయన వేదపాఠి కాడు, అమాయకుడు. పురాణము వినుచుండగా శివుడు విషము మ్రింగెనని వినబడెను. అది జరిగి ఎన్ని యుగములైనదో అతనికి పట్టలేదు. అయ్యో, విషము మ్రింగినవాడు బ్రతుకునా, ప్రక్కనున్న ఒక్కరును వలదని చెప్పరైరా యని గుండె బాదుకొనెను. శివుడు ఆ విషమును కక్కువరకు తాను నీటినుండి వెడలనని పోయి నిలిచెను. అదే నీరు, అదే నిలుచుట. నిలిచిన కారణము మాత్రము మారెను. శివుడు వచ్చి తనకేమియు కాలేదని చెప్పినను పశుపతి వినలేదు. కడకు శివుడు అతనిని తన తొడపై కూర్చుండబెట్టుకొని, నల్లనైన కంఠమును నీవే చూచుచుండుమని ఒప్పించెను. ఆ విషము క్రిందికి దిగునేమోయని రుద్రపశుపతి ఇప్పటికిని ఆ కంఠము వైపే చూచుచున్నాడట. లోకమును రక్షించు దేవునికి కావలియుండు భక్తుడు! నవ్వు వచ్చును. ఆ నవ్వు అడగకముందే కంట నీరు నిండును.

మాదార చెన్నయ్య కథ తెలియనివారు తక్కువ. కరికాల చోళుడు దినదినము పంచభక్ష్యములు వండించి శివునికి పెట్టుచుండెను, శివుడు ఆరగించుచుండెను. ఒకనాడు స్వామి కంచము ముట్టలేదు. రాజు కంగారుపడి కారణమడుగగా చెన్నయ్య ఇంట అంబలి త్రాగివచ్చితినని తెలిపెను. చెన్నయ్య మాదిగ, తన భక్తిని ఎవరికి తెలియనీయక దాచుకొనినవాడు. రాజు పోయి ఆయన పాదములపై పడెను. అంటరానివాని ఇంట దేవుడు భోజనము చేసెనని కాకతీయుల కాలమున పుస్తకమున వ్రాయుట, దానిని వీధులలో పాడించుట ఎంతటి సాహసమో పాఠకులు ఊహింతురుగాక. 1950లో రాజ్యాంగము అంటరానితనమును చట్టముచే రద్దు చేసినది. ఊళ్లలో అది ఎంతవరకు పోయినదో మనకు తెలియనిది కాదు. చెన్నయ్య కథను భక్తితో విని, విన్న చోటనే వేరు పంక్తులు వేయువారిని నేనెరుగుదును.

ఈ కథలన్నిటిలోను శివుని పూజ ఎట్లుండునో గమనింపుడు. పూజారి లేడు. గుడియున్నను లేకున్నను ఒకటే. భక్తునికి దేవునికి నడుమ ఎవరును నిలువరు. ఇది బసవేశ్వరుడు చూపిన ఇష్టలింగపూజకు ప్రాణము వంటిది. మనము ప్రతి ఉదయము లింగమును ఎడమ అరచేత నుంచుకొని నీళ్లు పోసి, విభూతి పెట్టి, పత్రి ఉంచి కన్నార్పక చూతుము. అరచేతిలో ఇమిడిన దేవుడు భయపెట్టు దేవుడు కాజాలడు. నీళ్లు పోయించుకొను దేవుడు, పడకుండ పట్టుకొనవలసిన దేవుడు. బెజ్జమహాదేవి కాళ్లపై చేసిన పనియే మనము అరచేత చేయుచున్నాము. సోమనాథుడు బసవని సిద్ధాంతమును వాదముగా సంస్కృతభాష్యమున చెప్పెను, అనుభవముగా ఈ కథలలో చెప్పెను. భాష్యము పండితుల పాలైనది. కథలు ఇంటింటికి వచ్చినవి.

బసవపురాణమంతయు ఇట్టి మెత్తని కథలే యనుకొనరాదు. శివనింద చేసినవానిని చంపుటకు, తాను చచ్చుటకు వెనుదీయని వీరభక్తులు అందు కలరు. పరమతములపై కఠినమైన మాటలు కలవు. అది మతముల నడుమ పోరు సాగిన కాలము. వానిని దాచి చెప్పుట సరికాదు, నేడు ఆదర్శముగా చెప్పుటయు సరికాదు. ఒక కవి హృదయమున ఆ వేడియు ఈ చల్లదనమును కలిసియుండెను. కాలము ఏది నిలుపుకొనెనో చూచినచో బెజ్జమహాదేవి, గొడగూచి కథలే పాఠ్యపుస్తకముల వరకు వచ్చినవి.

ఇక పైన చెప్పిన తిప్పలు. ఈ వృత్తాంతమును తరువాతి కాలమున బసవపురాణమును పద్యకావ్యముగా వ్రాసిన పిడుపర్తి సోమనాథుడు తెలిపెను. ఓరుగల్లున శివాలయములో భక్తులు కూడి బసవపురాణము వినుచుండిరి. దర్శనమునకు వచ్చిన ప్రతాపరుద్రుడు ఆ సందడి యేమని అడిగెను. ప్రక్కనున్న ఒక బ్రాహ్మణుడు, పాల్కురికి సోమన యను పతితుడు ఈ నడుమ ప్రాసయతులు పెట్టి ద్విపదలో అల్లినదనియు, అది ప్రమాణము కాదనియు చెప్పెను. రాజు మారు పలుకక వెడలిపోయెను. ఆ ఒక్క మాటతో గ్రంథము రాజాదరమునకు దూరమాయెను. దేవుడు అంబలి త్రాగెనన్నందుకు ఆ పండితుడు కోపించెనో, యతి స్థానమున ప్రాస పడినందుకు కోపించెనో! నాకు మొదటిదే అసలు కారణమని తోచును. చెప్పుటకు రెండవది సులువు. పిడుపర్తి సోమనాథుడంతటి భక్తుడే పండితుల మెప్పు కొరకు ఆ కథలను మరల పద్యములలో వ్రాయవలసి వచ్చెనన్నచో ద్విపదపై ఆ చిన్నచూపు ఎంత కాలము నిలిచెనో తెలియుచున్నది.

పాల్కురికి సోమనాథుడు మాత్రము ద్విపదను విడువలేదు. ఆ నడకలోనే పండితారాధ్యచరిత్రమును వ్రాసెను. దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణములని అది ఐదు భాగములు. మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరుని దర్శింప బయలుదేరి, ఆయన లింగైక్యమైన వార్త దారిలోనే విని శోకించిన ఘట్టము ఈ గ్రంథమునకే అలంకారము. కడపటిదైన పర్వతప్రకరణమున శ్రీశైలమున శివరాత్రికి చేరిన జనసముద్రమును కవి చూపును. కొండ ఎక్కలేక ఆగి ఆగి నడచువారు, మ్రొక్కులు తీర్చువారు, పాడువారు, ఆడువారు, బొమ్మలాటల వారు, రకరకముల వాద్యములు. ఆనాటి తెలుగువారి ఆటపాటల పేర్లు తెలియగోరినవారికి నేటికిని ఈ ప్రకరణమే గని. ఆ గుంపులో ఎవడు రాజో ఎవడు కూలియో గుర్తుపట్టుట కష్టము. మల్లికార్జునుని ఎదుట అందరి అరుపు ఒకటే.

సోమనాథుడు చివరి దినములలో కన్నడ దేశమునకు పోయి, శివగంగకు సమీపమున కలికె యను గ్రామమున లింగైక్యము చెందెనని సంప్రదాయము చెప్పును. కన్నడనాట పుట్టిన బసవని కథను తెలుగున పాడినవాడు ఆ నాటనే కన్ను మూసెను. ఆయన తెలుగు గ్రంథమును పట్టుకొనియే భీమకవి బసవని కథను మరల కన్నడమునకు తీసికొనిపోయెను. తెలుగునాట బసవపురాణము తాటాకులపైనే చాలకాలముండి, 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణముతో, విపులమైన పీఠికతో అచ్చయి పండితులకును సామాన్యులకును మరల చేతికి వచ్చినది. గొడగూచి పాలకుండతో నిలిచిన ఆ పుటలను చదివినవారు చదువురాని ఇంటివారికి వినిపింపవలెనని ప్రార్థించుచున్నాను. వాని నడక చదువుకొనుటకు కాదు, పాడుటకు కట్టినది.